తెల్లగోడ మీద బొటనవేలి ముద్ర

కుందనపురి చిన్న నగరమే. మూడు వేల గడపలు, నాలుగు బురుజులు, ఒక ఏరు, ఏటి మీద ఒక రాతి వంతెన, అంతకు మించి లేదు. అయితేనేం, పొద్దు పొడిచే వేళ తూర్పు గుట్ట మీద నిలబడి ఆ నగరాన్ని చూసినవాడు ఆ పూట చద్దన్నం సంగతి మరిచిపోవలసిందే. మేడల మీది ఇత్తడి కలశాలు ఒకదాని తర్వాత ఒకటి ఎండ తగిలి వెలుగుతాయి. గవాక్షాల్లో పంచవన్నెల చిలకలు రెక్కలు విదిలిస్తాయి. సంపంగి తోటల మీదుగా వచ్చే గాలి పన్నీరు చిలికిన రాచబాటలో గడప గడపకూ ఆగి పలకరించి పోతుంది. ఇన్ని శోభలకూ తలమానికం రాచబాట మొదట్లో ఉన్న ఒక గోడ.

గోడేమిటి, శోభేమిటి అంటారా? చెబుతాను.

ఆ గోడ పొడవు ఇరవై బారలు, ఎత్తు రెండు నిలువులు. ఊళ్ళో ఎవరికి ఏ అన్యాయం జరిగినా, ఇంట్లో దొంగలు పడినా, గూట్లో కోడి పోయినా, తాగుబోతు వచ్చి చెంప పగలగొట్టినా, నష్టపోయిన మనిషి తానే నడిచి వచ్చి బొటనవేలు మసిలో ముంచి ఆ గోడ మీద ఒక ముద్ర వేయాలి. ఒకరి తరఫున ఇంకొకరు వేయడానికి లేదు. మొగుడి బదులు పెళ్ళాం వేసినా చెల్లదు. ఏటా చైత్ర పున్నమినాడు మహారాజు కీర్తిభూషణుడు పరివారంతో వచ్చి ఆ ముద్రలు చూస్తాడు. తన ఏలుబడిలోని పన్నెండు నగరాల్లో ఏ గోడ అందరికంటే తెల్లగా ఉంటే ఆ ఊరి కొత్వాలుకు బంగారు పిడి కత్తి బహుమానం.

కుందనపురి గోడ నాలుగేళ్ళుగా పాలలో ముంచి తీసినట్టుంది. కొత్వాలు ఉద్దండరాయుడి నడుముకు నాలుగు కత్తులు వేలాడుతున్నాయి. ఆయన నడిస్తే వంటింట్లో గరిటెలు దొర్లినట్టు చప్పుడవుతుంది. ఈ పున్నమికి కూడా గోడ తెల్లగా ఉంటే ఏకంగా మంత్రిని చేస్తానని మహారాజు మాట ఇచ్చాడు.

"నేరమే లేని ఊళ్ళో తాళం దేనికి? తలుపుకి తాళం వేసినవాడు పొరుగువాణ్ణి దొంగ అన్నట్టే!" అని దండోరా వేయించి, ఆ కొత్వాలే ఊళ్ళో తాళాలన్నీ ఊడబెరికించి బళ్ళకెత్తించాడు. ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది, ఒక్క ఇల్లు తప్ప. అది తాళాలు చేసే కేతోజు ఇల్లు.

తాళాలకు గిరాకీ పోతే కేతోజు ఏం చేస్తాడు? పొట్ట చేత పట్టుకుని, సంచీ భుజాన వేసుకుని పొరుగు రాజ్యం సంతలకు బయలుదేరాడు. బయలుదేరిన పొద్దున అతని భార్య చెంగల్వ గడపకు అడ్డం నిలబడి, వెక్కిళ్ళ మధ్య అర్థం కాని మాటలేవో అంటూ ఏడ్చింది. తాను దూరమవుతున్నందుకేనని అతను లోలోపల మురిసిపోయి, "రెండు పట్టుకోకలు తెస్తాలేవే!" అన్నాడు. ఆమె అతని చెంప మీద ఒకటిచ్చి లోపలికి పోయింది. అదొక్కటీ అతనికి అంతుపట్టలేదు.

రెండు నెలలు తిరిగి, రేపు పున్నమి అనగా కేతోజు ఇల్లు చేరాడు. సంచీలో సరుకంతా అమ్ముడుపోయింది, అడుగున ఒక చింతగింజంత తాళం తప్ప. అది ఏ తలుపుకు చేశాడో, ఎప్పుడు చేశాడో అతనికి గుర్తు లేదు. పనితనం చూస్తే తనదే. ఒక షావుకారు దానికి పది వరహాలు ఇస్తానన్నా ఎందుకో అమ్మబుద్ధి కాలేదు.

ఇంట్లో పొయ్యి చల్లగా ఉంది. కొలిమి మీద సాలీడు గూడు కట్టింది. చెంగల్వ లేదు.

కేతోజు పక్కింటి అప్పాలమ్మ దగ్గరికి పరుగెత్తాడు. ఆ ముసలమ్మ పెరట్లో ఉత్త పశువుల కొట్టంలోకి పచ్చగడ్డి మోస్తోంది.

"పెద్దమ్మా, మా చెంగల్వ ఏది?"

"చెంగల్వా? అదెవరు నాయనా?"

"నా పెళ్ళామే!"

అప్పాలమ్మ గడ్డిమోపు దించి బుగ్గన వేలు పెట్టుకుంది. "ఓరి భడవా, నీకు పెళ్ళెప్పుడయిందిరా? పప్పన్నం పెట్టకుండా కానిచ్చేశావా?"

"నా పెళ్ళికి అప్పాలు వండింది నువ్వే కదే! పోనీ, ఆ గడ్డి ఎవరికి? నీ కపిలావు ఏది?"

"ఆవా? నాకు ఆవెక్కడిది?" అని ముసలమ్మ తన చేతుల వంక తానే చూసుకుంది. "ఏమో నాయనా. పొద్దున లేవగానే చెయ్యి ఊరుకోదు. గడ్డి కోసుకొచ్చి ఇక్కడ వేస్తాను. సాయంత్రానికి ఎండిపోతే తీసి పారబోస్తాను. ఎందుకు వేస్తున్నానో నాకే తెలీదు."

కేతోజు వాదించబోయేంతలో వీధిలో ఏడుపు వినబడింది. ఎదురింటి నేతగాడు నెత్తి బాదుకుంటున్నాడు. రాత్రికి రాత్రి అతని మగ్గం మీది పట్టుబట్ట కోసుకుపోయారట. "ముద్ర వేస్తాను! గోడ మీద ముద్ర వేయకపోతే నా పేరు మార్చుకుంటాను!" అని మసిగిన్నె పుచ్చుకుని బయలుదేరాడు. సరిగ్గా అప్పుడే వీధి మలుపులో కొత్వాలు భటులు ఇద్దరు ప్రత్యక్షమయ్యారు. ఒకడి చేతిలో పొగలు కక్కే ధూపం, రెండోవాడి చేతిలో మట్టి పిడత.

"రక్షధూపం నాయనా, ఊపిరి బాగా పీల్చు!" అంది అప్పాలమ్మ హుషారుగా. "శుక్రవారం శుక్రవారం వేస్తారు. పీలిస్తే ఒళ్ళు దూదిపింజలా తేలిపోతుంది."

ఇనుపరజను ముక్కులో దూరకుండా తడిగుడ్డ కట్టుకోవడం తాళాలవాళ్ళ అలవాటు. ఆకుపచ్చగా మెలికలు తిరుగుతున్న ఆ పొగను చూడగానే కేతోజు చెయ్యి దానంతటదే తలగుడ్డ తడిపి ముక్కుకు బిగించింది. ఆ అలవాటే అతన్ని కాపాడింది. పొగ నేతగాడి ముఖానికి తగలగానే అతని ఏడుపు సగంలో ఆగి ఆవులింత అయింది. అతని చెవి పక్కనుంచి సన్నటి నీలి దారం ఒకటి జారి గాలిలో ఈదుకుంటూ పోయి పిడతలో దూరింది. భటుడు పిడత మూతికి లక్క అంటించి, దాని మీద పేరు గీశాడు.

నేతగాడు చేతిలోని మసిగిన్నెను వింతగా చూసి, "ఇదెందుకు పట్టుకున్నాను? ఒసేయ్, మజ్జిగ పొయ్యవే!" అంటూ లోపలికి పోయాడు.

గోడ తెల్లగా ఎందుకుందో కేతోజుకు అర్థమైంది. దొంగతనాలు ఆగలేదు. దొంగతనాలు జరిగిన సంగతే ఊరు మరిచిపోతోంది! తన చెంగల్వను కూడా ఎవడో ఎత్తుకుపోయి, వీధి వీధికీ ఈ పొగ పట్టించాడన్నమాట. ఒళ్ళు మండిపోయింది. పిడతలు ఎక్కడికి పోతున్నాయో తెలిస్తే చెంగల్వ ఆచూకీ అక్కడే దొరుకుతుంది.

తాళాలు లేని ఊళ్ళో దాచిన సొమ్ము వెతకడం ఎంత పని? తాళం ఎక్కడుందో చూస్తే చాలు. కేతోజు సాయంత్రంలోగా నగరం నాలుగు మూలలా తిరిగాడు. రాజుగారి ఖజానాకు కూడా ఉత్త గొళ్ళెమే. తాళం ఉన్న తలుపు ఒక్కటే ఒక్కటి కనబడింది. అది గోడకు వెనక కొత్వాలు చావడిలో, సున్నం బట్టీ పక్కన ఉన్న రాతి గది.

మర్నాడు పొద్దున్నే చావడి ముందు సున్నం కొట్టేవాళ్ళు బారులు తీరారు. మధ్యాహ్నానికి మహారాజు వస్తాడు, ఆలోగా గోడకు చివరి పూత పడాలి. ఆ బారులో చివరివాడు మోకాళ్ళదాకా పంచె ఎగ్గట్టి, ఒళ్ళంతా సున్నం పులుముకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, చేతిలో ఈతకుంచెతో నిలబడ్డాడు. కన్నతల్లి వచ్చినా అతను కేతోజని పోల్చుకోలేదు.

ఉద్దండరాయుడు కత్తులు గలగలలాడించుకుంటూ వచ్చాడు. "ఒక్క మరక కనబడిందా, మీ తోలు ఒలిచి ఆ తోలుకి సున్నం వేయిస్తాను! ఒరేయ్ నువ్వు, కొత్తవాడివా? ముక్కుకి ఆ గుడ్డేమిట్రా?"

"సున్నం ఘాటు పడదు దొరా. తుమ్మితే గోడ మీద పడుతుంది," అన్నాడు కేతోజు గొంతు మార్చి.

"కట్టుకో, కట్టుకో! ఇంకా గట్టిగా కట్టుకో!" అని కొత్వాలు కంగారుగా అవతలికి పోయాడు.

కేతోజు గోడ కింది భాగంలో పాత పెచ్చులు గోకుతుండగా ఒక చోట సున్నం రేకులా ఊడి వచ్చింది. దాని కింద నల్లటి ముద్ర. ఒక్కటే ఒక్క బొటనవేలి ముద్ర, మధ్యలో అడ్డంగా గీత. కేతోజు చేతిలో కుంచె ఆగిపోయింది. ఆ గీత అతనికి తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఆకురాయి జారి తెగిన గాటు అది. ఆ వేలికి పసుపు అద్ది కట్టు కట్టింది తానే.

చెంగల్వ ఇక్కడికి వచ్చింది. తన కాళ్ళ మీద తాను నడిచి వచ్చి ముద్ర వేసింది. అంటే పోయింది ఆమె కాదు. ఆమెది ఏదో పోయింది. ఏం పోయింది?

ఆలోచిస్తూ కూర్చునే వేళ కాదది. కేతోజు "సున్నం అయిపోయింది" అంటూ ఖాళీ బాల్చీ పట్టుకుని చావడిలోకి నడిచాడు. బట్టీ దగ్గర బాల్చీ నిండా సున్నపునీళ్ళు ముంచుకున్నాడు. కాపలావాడు కొత్వాలు పాగాకు గంజి పెట్టే తొందరలో ఉన్నాడు. కేతోజు చటుక్కున రాతి గది ముందుకు చేరి తాళం చేతిలోకి తీసుకుని, పెదవి కొరుక్కున్నాడు. అది తన ఇంటి తలుపు తాళమే! కొత్వాలు ఊడబెరికించిన వాటిలోకెల్లా మంచిది చూసి తనకు ఉంచుకున్నాడన్నమాట. దొంగకు తెలిసినంత బాగా తాళం విలువ దొరకు తెలియదు మరి.

బొడ్లో ఉన్న వంపు ఇనుపచువ్వ దూర్చి కుడికి తిప్పాడు. కదలలేదు. మళ్ళీ తిప్పాడు. ఉహూఁ. తాను చేసిన తాళం తనకే లొంగకపోతే ఎంత నామర్దా! అప్పుడు గుర్తొచ్చింది. తాళం పెట్టె తాను పోత పోస్తే, లోపలి పళ్ళు కోసింది చెంగల్వ. "కుడికి తిప్పితే ఎవడైనా తీస్తాడయ్యా. దొంగకి ఎడమ చెయ్యి ఆడదు" అనేది. ఎడమకు తిప్పి లోపలికి నొక్కాడు. తాళం కిక్కురుమనకుండా చేతిలోకి ఊడిపడింది.

గదిలో నేల నుంచి పైకప్పు దాకా అరలు. అరల నిండా పిడతలు. పిడతల నడుమ చుట్టలు చుట్టుకుని పడుకున్న ఆకుపచ్చ పొగ కళ్ళు తెరిచింది! క్షణంలో అది తాటిచెట్టంత పామై పడగ విప్పింది. బుస కొట్టగానే గది చీకటైంది. కేతోజు బొడ్లోని పెచ్చులు గోకే కత్తి దూసి దాని పడగను అడ్డంగా నరికాడు. పొగకు కత్తి దెబ్బ ఒక లెక్కా? నరికిన చోట రెండు పడగలయ్యాయి. ఒకటి అతని నడుము చుట్టేసింది. రెండోది ముక్కు గుడ్డను పళ్ళతో పీకుతోంది. ఊపిరి అందక అతని చెయ్యి తడబడి బాల్చీకి తగిలింది. సున్నపునీళ్ళు చిందిన చోట పొగ తెల్లగా గడ్డకట్టింది.

"ఇదా సంగతి!" అని కేతోజు బాల్చీ ఎత్తి మొత్తం పాము నెత్తిన గుమ్మరించాడు. పడగలెత్తిన పాము పడగలెత్తినట్టే బొమ్మలా బిగుసుకుంది. కుంచె కర్రతో ఒక్కటేస్తే పెంకుల్లా రాలిపోయింది.

ఆదరాబాదరాగా అరలు వెతికాడు. చెంగల్వ పేరు లేదు. వీధి వీధంతా ఉంది, ఆమె లేదు. అప్పాలమ్మవి ఏకంగా రెండు పిడతలు. చివరి అరలో, మూల, దుమ్ములో ఒక పిడత మీద 'తాళాల కేతోజు' అని ఉంది.

కేతోజుకు నవ్వొచ్చింది. నాది ఏం పోయింది? చెంగల్వ నాకు గుర్తుందే! పేరు కింద తేదీ చూశాడు. మాఘమాసం, మూడో శుక్రవారం. అతను ఊరు విడిచే ముందురోజు. నవ్వు ఆగిపోయింది. లక్క గీకి మూత తీశాడు.

ఆముదం రాసి దువ్విన చిన్న జడ వాసన వచ్చింది. ఆ వెనకే అంతా వచ్చింది. నాలుగేళ్ళ కూతురు. మువ్వ. కొలిమి తిత్తి మీద ఎక్కి ఊగేది. "నాన్నా, నా బొమ్మల పెట్టెకి తాళం చేసిపెట్టు, అమ్మ కూడా తీయలేనిది చెయ్యి" అని వారం రోజులు ప్రాణం తీసింది. చింతగింజంత తాళం చేసి, దాని తాళంచెవిని తాడుకు గుచ్చి మువ్వ మెడలో వేసి, పెట్టెకు తర్వాత బిగిద్దామని తాళాన్ని సంచీలో వేసుకున్నాడు. ఆ మధ్యాహ్నం పిల్ల వీధిలోకి పోయి తిరిగి రాలేదు. తాను వీధులన్నీ పడి అరుస్తుంటే పొగ వచ్చింది. చెంగల్వ ఆకురాయి పని వదిలి, ముక్కుకు కట్టిన తడిగుడ్డతోనే వెంట పరుగెత్తింది కనుక ఆమెకు పొగ అంటలేదు.

గడపకు అడ్డం నిలబడి ఆమె ఎందుకు ఏడ్చిందో ఇప్పుడు తెలిసింది. దానికి తాను పట్టుకోకలు తెస్తానన్నాడు! కేతోజు రాతి గోడకు తల ఆనించి బావురుమన్నాడు. ఆ చెంపదెబ్బ రెండు నెలల తర్వాత చుర్రున మండింది.

మరుక్షణం కళ్ళు తుడుచుకుని కుంచె కర్ర ఎత్తాడు. మొదటి అర, రెండో అర, మూడో అర! పిడతలు భళ్ళు భళ్ళున పగులుతుంటే నీలి దారాలు గుంపులు గుంపులుగా కిటికీలోంచి ఎగిరి ఊరి మీదికి పోయాయి.

బయట సరిగ్గా అదే వేళకు నగారాలు మోగాయి. మహారాజు కీర్తిభూషణుడు అంబారీ దిగి, మల్లెపూవులా మెరుస్తున్న గోడ ముందు నిలబడి మీసం దువ్వుకుంటున్నాడు. "భళా ఉద్దండరాయా! ఒక్క ముద్ర లేదు!" అని అయిదో కత్తి అందించబోయాడు.

"ఆగండయ్యోయ్!" అని కేక వినబడింది. జనాన్ని మోచేతులతో పొడుచుకుంటూ అప్పాలమ్మ వచ్చింది. చేతిలో పొయ్యి మీంచి దించిన అన్నపు కుండ. కుండ అడుగున వేలు గీకి, తళతళలాడే గోడ నడుమ టపీమని ఒక ముద్ర వేసింది. "ఇది నా కపిలావుకి!" ఇంకోటి వేసింది. "ఇది మా చెంగల్వనీ దాని పిల్లనీ మరిచిపోయినందుకు! మరిచిపోయేలా చేసినా దొంగతనమే కదా!"

ఆమె వెనక నేతగాడు. అతని వెనక కంసాలి, గానుగవాడు, ముగ్గురు తోడికోడళ్ళు, ఊరు ఊరంతా! ఎవరి ఇంటి కుండ వాళ్ళు పట్టుకుని వచ్చారు. "ఇది నా మనవడికి" అని ఒక తాత ముద్ర వేసి అక్కడే కూలబడ్డాడు. చూస్తుండగానే గోడ నల్లబడింది.

మహారాజు కత్తి దించేశాడు. "ఉద్దండరాయా, ఏమిటిది? నాలుగేళ్ళూ నేను చూసింది ఏమిటి?"

"ఆయన్నంటారేం బాబూ?" అంది అప్పాలమ్మ. "తెల్లగా ఉన్న గోడకి మీరు బంగారు కత్తి ఇస్తే ఊళ్ళో సున్నం అమ్ముడుపోతుంది. దొంగతనం ఎట్లా ఆగుతుంది?"

మహారాజు ముఖం ఎర్రబడింది. అయినా మంచివాడు, తల దించుకున్నాడు. ఉద్దండరాయుడు ఇదే సందని జారుకోబోతే నాలుగు కత్తులూ కాళ్ళకు అడ్డం పడి బోర్లా పడ్డాడు. లేచేసరికి మెడ మీద కేతోజు మోకాలు ఉంది.

"నా మువ్వ ఏది? నా చెంగల్వ ఏది? చెప్పు!"

"చంపకు నాయనా, చెబుతాను! ఊదాకొండ మాంత్రికుడు ధూమజటి ఈ పొగ ఇచ్చాడు. బదులుగా ఊళ్ళో ఏది కావాలన్నా ఎత్తుకుపోతానన్నాడు, సరేనన్నాను. చైత్ర అమావాస్యకి ఏదో హోమం ఉందిట, ఏడుగురు పసివాళ్ళు కావాలిట. వాళ్ళలో నీ పిల్ల ఒకతె."

"మరి చెంగల్వని ఎందుకు ఎత్తుకుపోయారు?"

"ఆవిడనా? మేమా?" కొత్వాలు ఏడుపు గొంతు పెట్టాడు. "ఆవిడే మా మాంత్రికుడి వెంట పడింది బాబూ! ఆ సంగతి బయటపడకుండా ఊళ్ళో పొగ మాత్రం వేయించాను. రెండు నెలలుగా కొండ చుట్టూ తిరుగుతోంది. ఆయన బయటికెళ్ళి వచ్చేసరికి గుహకి తాళం! లోపలికెళ్ళి పడుకుంటే బయట తాళం! ఒక తాళం విరగ్గొట్టేసరికి ఇంకోటి వేస్తోందిట. ఆయన నిద్రపోయి ఎన్నాళ్ళయిందో!"

అంత దుఃఖంలోనూ కేతోజు ఫక్కున నవ్వాడు. నవ్వుతూనే కన్నీళ్ళు కార్చాడు.

మహారాజు తన పంచకల్యాణి గుర్రం పగ్గాలు అతని చేతిలో పెట్టాడు. "అమావాస్యకి పదిహేను రోజులుంది. సైన్యాన్ని వెనకే పంపుతాను."

"పంపండి మహారాజా. నేను మాత్రం ఆగలేను," అని కేతోజు గోడ దగ్గరికి పోయి, కొత్త పూత గీకి చెంగల్వ ముద్ర బయటపెట్టి, దాని పక్కనే మువ్వ పోయినందుకు తన ముద్ర వేసి గుర్రమెక్కాడు.

గుర్రం రాతి వంతెన దాటింది, ఈతవనాలు దాటింది, మొసళ్ళ మడుగును ఒక్క దూకులో దాటింది. మూడో రోజు పొద్దెక్కేసరికి ఊదాకొండ ఎదురుగా నిలిచింది. వంకాయరంగు బండరాళ్ళు, బండల మీద జడల్లా వేలాడే తీగలు, తీగలకు నిప్పుకణికల్లాంటి పూలు, శిఖరాన సుడులు తిరిగే ఆకుపచ్చ పొగ. దారి మొదట్లోనే ఒక బండ మీద మసి ముద్ర కనబడింది. మధ్యలో అడ్డంగా గీత. వంద అడుగులు పైన ఇంకోటి. తన వెనక ఎవరైనా వస్తారని నమ్మి చెంగల్వ ముద్రలతో దారి రాసి పెట్టింది. కేతోజు గుర్రం దిగి ఒక్కొక్క ముద్రకూ చెయ్యి తాకిస్తూ ఎక్కసాగాడు.

కనుమ మలుపులో ముద్రలు ఆగిపోయాయి. పైనుంచి ఉరుము లాంటి అరుపు వినబడింది. "ఎక్కడే? పిల్లను పట్టుకుని ఎక్కడ దాక్కున్నావే?" పొగ కొండ మీంచి కట్ట తెగినట్టు దిగుతోంది. కేతోజు ముక్కుకు తడిగుడ్డ బిగించి చుట్టూ చూశాడు. ఎడమ వైపు బండ సందులో, ఇనుపరేకు తాపడం చేసిన చిన్న తలుపుకు లోపలి నుంచి తాళం వేసి ఉంది. తలుపు పక్కన రాతి మీద చెంగల్వ ముద్ర. దాని కిందే ఇంకొక ముద్ర, చింతగింజంత.

కేతోజు దాని మీద వేలు పెట్టి చూశాడు. మసి ఇంకా తడిగా ఉంది.

పొగ అతని మడమలను తాకింది. అతను చువ్వ తీసి తలుపు రంధ్రంలో పెట్టి, ఎడమకు తిప్పాడు.